మన చేని మన్ను

నేను మన్ను తింటాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు, ఎవరి చేతికైనా చిక్కుతుందేమోనన్న భయంతో.

చిన్నప్పుడు బలపాలు తినేదాన్ని. పిల్లలందరూ తింటారు, పెద్దయ్యాక మానేస్తారు. నేను బలపాల నుంచి మట్టికి వచ్చాను. అదీ ఏ మట్టి పడితే ఆ మట్టి కాదు. మదనపల్లెలో మేం అద్దెకుండే ఇంటి పెరటి మట్టి ఒకసారి నోట్లో వేసుకుని ఉమ్మేశాను. పుంగనూరు దారిలో మా ఊరుంది. అక్కడ మా చేను గట్టున ఎండకు పెచ్చులు లేచే ఎర్రమట్టే కావాలి నాకు. వెళ్లినప్పుడల్లా రుమాలులో కొంచెం మూటగట్టి తెచ్చుకుంటాను. చిన్న పెచ్చు నాలుక మీద పెట్టుకుంటే తొలివాన వాసన వస్తుంది. కాసేపటికి పళ్ల మధ్య ఇసుక కరకరలాడుతుంది. అప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వచ్చేదాకా బ్రష్‌తో తోముకుంటాను. ఇన్ని పుస్తకాలు చదివి కూడా ఈ పాడు అలవాటేమిటని నా మీద నాకే రోత.

పోయిన ఏడాది పెద్దల అమావాస్యకు ఊరికి వెళ్లాం. మా ముత్తాత, ముత్తవ్వల సమాధులు చేనులోనే ఒక మూల పక్కపక్కన ఉంటాయి. ధర లేదని పారబోసిన టమోటాలు ఆ పక్కనే కుప్పగా కుళ్లిపోయి, పులిసిన నీళ్లు సమాధుల కిందికి కారుతున్నాయి. అడుగు వేస్తే చెప్పు జారుతోంది. ఎక్కడ చూసినా ఈగలు. ఆ కంపులోనే అరిటాకులు పరిచారు.

పోయినవాళ్లకు బతికుండగా ఏది ఇష్టమో ఆ రోజు అది పెట్టాలి. ముత్తాత ముందు మా పెద్దనాయన సారాయి గ్లాసు, మేక రక్తం వేపుడు పెట్టాడు. ఒక బీడీ తన నోట్లోనే వెలిగించి, నాలుగు దమ్ములు లాగి, ఆ ఎంగిలి బీడీని సమాధి మీద ఉంచాడు. ముత్తవ్వ ముందు ఒక కోక, కవరు కూడా చించకుండా. ఆమె ఆకులో ముత్తాతకు వడ్డించగా మిగిలిన వేపుడు.

"అవ్వకు ఏమిష్టం పెద్దనాయనా?" అని అడిగాను. నలుగురిలో నేను నోరు తెరవడమే అరుదు.

"సూడండప్పా, మూగదానికి మాటొచ్చింది!" అన్నాడు. అందరూ నవ్వారు. "ఆడోళ్లకు ఇష్టమేంది మే? కోక పెట్టినాం గదా, సాల్లే."

"కలర్ నచ్చిందో లేదో అడుగు పాపా, ఆయమ్మ లేసి చెప్తాది" అని పెద్దమ్మ ఇంకాస్త నవ్వించింది.

కర్పూరం ఆరకముందే ఆ కోక పెద్దమ్మ సంచిలోకి వెళ్లిపోయింది. ముత్తాత గ్లాసులో పడిన ఈగను పెద్దనాయన వేలితో తీసి పారేసి, గటగటా తాగేశాడు. నేను టమోటా కుప్ప వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాను. వచ్చే ఏడాదికైనా ముత్తవ్వ ఆకులో ఆమెకు నచ్చేది ఒక్కటి పెట్టాలని, నోరు తుడుచుకుంటూ అనుకున్నాను.

ఆమెను చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆమె చిన్న కూతురు ఒక్కతే. మా తాతకు చెల్లెలు. చిన్నవయసులోనే కుప్పంలో ఇచ్చారు. ఈ ఎండాకాలం పలమనేరు మీదుగా బస్సులో ఒక్కదాన్నే ఆమె దగ్గరికి వెళ్లాను.

అవ్వ మంచం మీద కూర్చుని వక్కాకు నములుతోంది. మంచం పక్కన ఉమ్మి డబ్బా నిండా ఉంది. అటు చూడకుండా నేను వచ్చిన పని చెప్పాను.

"దీనికోసరం అంత దూరం నుంచి యాల వస్తివి? మీ పెద్దనాయనకు తెలీదా?"

"ఆడవాళ్లకు ఇష్టమేంది అన్నాడవ్వా."

"వానికి తెలుసు. అందురికీ తెలుసు." డబ్బాలో ఉమ్మి, మూతి తుడుచుకుంది. "మాయమ్మ మన్ను తినేది."

నా చేయి దానంతటదే నోటి మీదికి వెళ్లింది.

"గొడ్లకొట్టం గోడ గిల్లి గిల్లి తినేది. కడుపుతో ఉన్నప్పుడే కాదు, ఎప్పుడూ. గోడకు బొక్క పడితే మా నాయన పసిగట్టినాడు. జుట్టు పట్టుకోని వీదిలోకి ఈడ్సకొచ్చి, నోరు తెరిసి ప్యాడ కుక్కినాడు. పచ్చి ప్యాడ! సూసేదానికి ఊరంతా వచ్చింది. మీ తాత గూడా నవ్వినాడు, సిన్నోడు గదా."

చెబుతూ అవ్వ కూడా నవ్వింది. ఎర్రటి నోరు, వక్కాకు పిప్పి, ఆ నవ్వు. ఆ నవ్వు కంటే ఉమ్మి డబ్బా నయమనిపించింది.

"తర్వాత మానేసిందా అవ్వా?"

"యాడ మానింది! గోడైతే కనిపిస్తాదని చేను గట్టుకు మార్సింది."

అదే గట్టు. నేను రుమాలు పరుచుకుని కూర్చునే గట్టు.

మధ్యాహ్నం అవ్వ కోడలు అన్నం పెట్టింది. కలుపుకోబోయి చేతిని చూసుకున్నాను. ఏటేటా ముత్తాత సమాధిని తాకి కళ్లకద్దుకున్న చేయి ఇదే. లేచి వెళ్లి సబ్బుతో కడుక్కొచ్చాను. ఇన్నేళ్లూ నా నోరే పాడు నోరనుకుని తోముకున్నాను. కడగాల్సింది నోటిని కాదని తెలిశాక, తిన్న మట్టి మీద కాక, ఆ సమాధికి పెట్టిన దండాల మీద అసహ్యం వేసింది. ఈసారి ఆ బీడీ వెలిగించే చోట నేను నిలబడను. పెద్దనాయన ఏమైనా అననీ.

కానీ ముత్తవ్వ ఆకులో ఏం పెట్టాలి? మన్నులో ఉన్నామెకు మన్నే పెడితే ఊరంతా మళ్లీ నవ్వుతుంది. ఆ మాటే అవ్వనడిగాను. అవ్వ నా పళ్ల వైపు, గోళ్ల వైపు చాలాసేపు చూసింది.

సాయంత్రం చేతికర్ర పట్టుకుని బస్సు దాకా వచ్చింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాక, దగ్గర్లో ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది:

"మళ్లా వచ్చేటప్పుడు ఆ గట్టు మన్ను రోంత తీసకరామ్మా. ఈడిది సప్పగా ఉంటాది, తినేదానికి లేదు."