అమ్మ కాలు, ప్రభువు బల్ల

మొన్న మార్కాపురంలో చర్మవ్యాధుల డాక్టరమ్మ నా చీలమండ పైన నల్లబడి దురదపెడుతున్న చోట వేలితో నొక్కి చూసి, రక్తం పైకి ఎక్కలేక కాళ్లలోనే నిలిచిపోవడం వల్ల చర్మం ఇలా పాడవుతున్నదనీ, జీవితమంతా నల్లబల్ల ముందు నిలబడిన పంతులమ్మలకు ఇది మామూలేననీ చెప్పి, బిగుతు మేజోళ్లు రాసిచ్చింది. ఇతరులకు అంటుతుందా అని అడిగితే నవ్వి, అంటదన్నది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మా అమ్మకు ఇదే ఉండేది. మీలో మా వైపు వాళ్లకు తెలుసు, అప్పట్లో మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనంటే పొద్దున నిలబడితే పొద్దుగూకేదాకా నిలబడటమే. అమ్మ అక్కడ పలకలు నునుపు చేసేది. కాళ్ల మీద నరాలు తాళ్లలా ఉబ్బి, తరువాత చీలమండల చుట్టూ నల్లబడి, పొట్టు రేగి, రసి కారేది. తడి ఆరితే పుండు మానినట్లేనని ఫ్యాక్టరీ ఆడవాళ్లందరూ పలకల పొడి అద్దేవాళ్లు, అమ్మా అదే అద్దింది. ఆ పొడి రసిలో తడిసి పెచ్చు కడితే, కింద పుండు ఇంకా లోతుకు పోయింది.

పేటలో పెద్దరోగం అన్నారు. అయ్యో, కుష్ఠు మచ్చకు స్పర్శే ఉండదు, మా అమ్మేమో దురదకు తాళలేక కాలు గోడకేసి రుద్దుకునేది, ఆ పాటి తేడా ఒక్కరి బుర్రకూ తట్టలేదు!

ఊరి టీకొట్టులో మా వాళ్లకు గ్లాసులు వేరుగా పెట్టిన కాలమది. మా చర్చిలో ప్రభువు బల్ల నాడు మాత్రం, యేసు పేరున పంచే ద్రాక్షరసానికి ఒకటే గిన్నె, అందరూ వరసగా దానికే పెదవి పెట్టి తాగాలి, అందుకని ఆ గిన్నె అంటే అమ్మకు ప్రాణం. ఒక ఆదివారం సంఘపెద్ద, నాకు వరసకు మేనమామ, బల్ల దగ్గరే అమ్మను ఆపి, "చెల్లా, ఏమనుకోవాకు, ఈసారి నుంచి గ్లాసు ఇంటికాడ నుంచి తెచ్చుకో" అన్నాడు. అమ్మ వెనక్కి వచ్చి చాప మీద కూర్చుంది, మళ్లీ ఎన్నడూ బల్ల దగ్గరకు పోలేదు.

పుండు కుళ్లి, జ్వరంతో మంచాన పడి, ఇక బతకదని తెలిసినప్పుడు పాస్టరయ్య సంఘపెద్దను వెంటబెట్టుకొని ఇంటికి వచ్చి, సీసాలో తెచ్చిన ద్రాక్షరసం మా స్టీలు గ్లాసులో పోశారు. అమ్మ మొహం తిప్పుకుంది. "అందరూ తాగే గిన్నెలో అయితే ఇయ్యండయ్యా. ఇట్ల అయితే వద్దు" అన్నది. చర్చి మా సందు చివరే, అయినా పోయి తెస్తానని ఒక్కరూ లేవలేదు. తెల్లారేసరికి అమ్మ పోయింది.

ఇప్పుడు మా చర్చిలో గిన్నె తీసేశారు. అంటురోగాల భయమని మనిషికొక చిన్న ప్లాస్టిక్ గ్లాసు ఇస్తున్నారు, సంఘపెద్దలకైనా అంతే. మంచిదే, కాదనను, పిల్లలైతే ముచ్చటపడి తీసుకుంటున్నారు. నాకు మాత్రం అది చేతికి వచ్చినప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది, తాగకుండానే కింద పెట్టి వచ్చేస్తాను.