బతికుండగానే పూజ చేయించుకున్న పది ఎలుకలు

సప్పొరోలోని ఒక క్యాన్సర్ పరిశోధనశాలలో కుమగాయ్ హత్సుయె ఇరవై రెండేళ్లుగా ఎలుకల ఆలనాపాలనా చూస్తోంది. ఏటా మంచు పడకముందే బౌద్ధ పూజారి వచ్చి, ఆ ఏడాది ప్రయోగాల్లో పోయిన ఎలుకల ఆత్మశాంతికి సూత్రాలు చదువుతాడు. జాబితా ఆవిడే రాస్తుంది. అందులో ఒక్క తప్పు దొర్లిన పాపాన పోలేదు.

ఒక ఏడాది ఆవిడకు ముందుచూపు కాస్త ఎక్కువైంది. కుర్ర డాక్టరు నిషిగోరి పది ఎలుకలకు కణితి ఎక్కించాడు. ఆ కణితి కణాల్లో ముందే ఒక వైరస్ జన్యువును జొప్పించాడు. దాంతో వాటి పైన వైరస్ గుర్తులు మొలుస్తాయి, ఒంట్లోని రక్షణ కణాలు పరాయివాడొచ్చాడని మీద పడతాయని అతని ఆశ. హత్సుయెకు అలాంటి ఆశల్లేవు. ఆ కణితి పంతొమ్మిదో రోజుకల్లా చంపుతుంది. పూజేమో పదహారో రోజున. ఎలాగూ పోయేవే, ఏడాదిపాటు ఆగడం దేనికని పదింటినీ జాబితాకెక్కించి పూజ చేయించేసింది.

ఇరవయ్యో రోజున పదీ గింజలు కొరుకుతున్నాయి. చిక్కుడు గింజంత పెరిగిన గడ్డల జాడే లేదు.

నిషిగోరి జాబితా పట్టుకొచ్చాడు. "పోయినవాటిలో ఇవున్నాయేంటండీ? అంటే అవి పోతే, కొత్తవి తెచ్చి పెట్టేశారన్నమాట."

"ఏది ఏ ఎలుకో చెవి గాట్లే చెబుతాయి, చూసుకో బాబూ."

"ఆ గాట్లు పెట్టేదీ మీరేగా."

హత్సుయె చీపురు గోడకానించింది. "సరే. వీటికి జన్యువూ గిన్యువూ లేని ఉత్త కణితి ఎక్కించు. కొత్తవైతే చస్తాయి, నా తాళాలు నీ బల్లమీద పెట్టి పోతా. పాతవైతే ఆ కణితి మొహం వీటికి ఎరుకే, మళ్లీ తరిమేస్తాయి. పక్కన నిజంగా కొత్తవైన ఇంకో పదింటికీ ఎక్కించు. లేకపోతే రేపు ఇవి బతికాక కణితే పాడైందంటావు."

"ఇదంతా మీకెవరు చెప్పారు?"

"మీ వాదనలు వింటూనేగా బోనులు కడుగుతున్నది."

మాటైతే ధైర్యంగా అనేసింది. కానీ రోజూ పొద్దున్నే ఒక్కోదాని పొట్ట తడిమి, "చచ్చారంటే చంపుతా" అని బెదిరించేది.

పంతొమ్మిదో రోజుకి కొత్త పదీ పోయాయి. పాతవాటికి ఆవగింజంత గడ్డ కూడా లేదు.

నిషిగోరి మిఠాయి పెట్టెతో వచ్చి నడుం వంచాడు. "క్షమించండి."

"నాకెందుకు? వాళ్లకి చెప్పు. చచ్చారన్నావు."

"చచ్చారని రాసింది మీరు కదండీ."

హత్సుయె అతణ్ణి బోను వైపు తిప్పి, పక్కనే తానూ నడుం వంచింది. ఏడో నంబరు ఎలుక అటు తిరిగి పడుకుంది.