మాస్టారు ఎర్రరంగు పూసిన బోరు

మా ఊరి సైన్సు మాస్టారు పోయారు. డయాలసిస్‌కని పొద్దున్నే పలాస బస్సెక్కిన మనిషి ప్రాణంతో తిరిగి రాలేదు. కబురు వచ్చేసరికి నేను ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాను. ఊరంతా ఏడుస్తూ ఆయన ఇంటివైపు పరుగెత్తింది. నేను గునపం పట్టుకుని మా వీధి బోరు దగ్గరికి పరుగెత్తాను.

ఆ బోరుతో నా పగ పాతది. దాని నీళ్ళు తాగి పెరిగిన నా కూతురి పళ్ళ మీద గోధుమరంగు చారలు పడ్డాయి. నవ్వొస్తే చాలు, నా పిచ్చితల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. పెళ్ళి ఫొటోలో కూడా పెదవి విప్పలేదు.

మాస్టారు మా ఊరు వచ్చిన కొత్తలోనే ఆ చారలు చూశారు. బోరు నీళ్ళు గాజు గొట్టంలో పట్టి మందు చుక్కలు వేశారు. గులాబీరంగు కాస్తా పసుపుకి తిరిగింది. ఫ్లోరైడ్ ఎక్కువన్నారు. బడి దగ్గరి బోరు నీళ్ళు మంచివని తేల్చి, మా బోరుకి తాగొద్దన్న గుర్తుగా తన చేత్తోనే ఎర్రరంగు పూశారు.

"పీకి పారేద్దుం మాస్టారూ!" అన్నాను.

"బట్టలుతుక్కో మావా. ఇనప గొట్టం మీద పగేటి?"

"అది ఇసం కాదేటి?"

"ఎండుచేపకి ఉప్పులాటిది. తక్కువైతే పుచ్చిపోద్ది, ఎక్కువైతే నోట్లో పెట్టలేవు. రవ్వంత ఫ్లోరైడ్ పళ్ళకి బలమే. మితి మీరితే పళ్ళూ ఎముకలూ రెండూ పాడు."

తర్వాత ఆయనకే కిడ్నీ జబ్బు వచ్చింది. ఇదీ ఆ బోరు పనేనని నేను ఊగిపోతే, వాచిన కాళ్ళు బల్లమీద చాపుకుని నవ్వారు.

"నేనెప్పుడు తాగేను మావా దాని నీళ్ళు? ఈ జబ్బు ఎందుకొత్తందో పెద్దపెద్దోళ్ళకే తేల్లేదు. తేలని నేరం దాని మీద ఎయ్యకు. పళ్ళ కేసు మాత్రం పెట్టుకో, దానికి సాక్ష్యం ఉంది."

నా మనవరాలికి బడి దగ్గరి నీళ్ళే పట్టించాం. పాలపళ్ళు మల్లెమొగ్గల్లా వస్తే వీధంతా బెల్లం పంచాను. మాస్టారు మాత్రం, "పాలపళ్ళు సాక్ష్యం కాదు మావా. అసలు పళ్ళు రానీ, అప్పుడు సూద్దుం," అన్నారు. అప్పట్నుంచీ పిల్ల కనబడితే చాలు, "ఏదీ, ఈ అను!" అనేవారు. పోయే ముందు వారం బస్సుకి వెళ్తూ కూడా దాని గడ్డం ఎత్తి, పాలపళ్ళు ఊడిన బోసి చిగుళ్ళు చూశారు. "ఒచ్చేత్తన్నాయి మావా. దగ్గర పడింది నీ తీర్పు."

ఆ తీర్పు వినకుండానే పోయారు.

గునపంతో ఒక్క దెబ్బ వేశాను. బోరు కింద సిమెంటు పెచ్చు లేచింది. రెండో దెబ్బకి నా కూతురు వచ్చి చెయ్యి పట్టేసింది.

"నాన్నా! మాస్టారు ఒద్దన్నారు కదేటి!"

వెనక మనవరాలు బెదిరిపోయి నోరంతా తెరిచి ఏడుస్తోంది. అప్పుడు చూశాను. చిగుళ్ళలోంచి రెండు పళ్ళ అంచులు, కొడవలి కక్కుల్లా. తెల్లగా. ఒక్క చారైనా లేదు!

గునపం వదిలేసి పిల్లని ఎత్తుకున్నాను. చావు కబురు విన్న రోజున మనిషికి అంత సంతోషం ఉండకూడదు. కానీ ఉంది. దాచుకోలేకపోయాను.

బోరు పీకలేదు. మాస్టారి మాట తీసెయ్యలేను. కానీ నా పగ వదిలేది లేదు. రోజూ సాయంత్రం మనవరాలిని తీసుకెళ్ళి ఆ బోరు ఎదురుగా నిలబెడతాను. "ఈ అనవే దానికి!" అంటాను. ఇంకా చాలా పళ్ళు రావాలి. ప్రతి పన్నూ దానికి చూపిస్తాను.

నిన్న అక్కడే బట్టలు ఉతుకుతున్న నా కూతురు మమ్మల్ని చూసి ఫక్కున నవ్వింది. రెండు చేతులూ సబ్బు నురగ. కొంగు బొడ్లోనే ఉండిపోయింది.