గేస్కె తుడవని అద్దం లేదు

మురికి కిటికీ కనపడితే గేస్కె పోస్ట్మాకు ఒళ్లు మండుతుంది. అది సొంత కిటికీయా, పరాయివాళ్లదా అన్న తేడా ఆమెకు లేదు. యుద్ధం ముగిశాక హాలండ్ నుంచి కెనడాకు ఓడలో వస్తూ, మిగతావాళ్లంతా వాంతులతో మంచం పట్టిన వేళ, ఓడ కిటికీలన్నీ తుడుచుకుంటూ కెప్టెన్ గదిదాకా వెళ్లిపోయిందంటారు. అప్పుడుగానీ కెప్టెన్‌కు తాను వేరే దిక్కుకు పోతున్నట్టు తెలియలేదట. నమ్మితే నమ్మండి.

పొద్దున్నే టమాటా డబ్బాల ఫ్యాక్టరీకి వెళ్లేది. ఎర్రబడిన చేతులతో ఇంటికొచ్చి, పిల్లలకు బంగాళాదుంపలు పొయ్యిమీద పెట్టి, అవి ఉడికేలోగా నిచ్చెన, బకెట్, తోలుగుడ్డ పట్టుకుని వీధిలోకి దిగేది. దారిలో ఏ పిల్లాడైనా కదలకుండా నిలబడితే వాడి మొహమూ తుడిచేసేది.

“ఫ్యాక్టరీలో అంత చాకిరీ చేసి వచ్చావు, అలసట లేదా?” అనేవాడు భర్త వీబె. డెయిరీలో పాలడబ్బాలు మోసే నెమ్మదస్తుడు.

“టమాటాలు ఒలిచేవి వేళ్లు. అద్దాలు తుడిచేవి భుజాలు. భుజాలు ఖాళీగానే ఉన్నాయి.”

మొదటి చలికాలం ఆమెకు ఇక్కడి చలి సంగతి తెలియదు. తమ దేశంలో జనవరిలో కూడా కిటికీలు కడుగుతారు కదా అని వీధి వీధంతా నీళ్లు కొట్టింది. బకెట్ కింద పెట్టేలోగా అద్దాలన్నీ మంచు పలకలయ్యాయి. వసంతం వచ్చేదాకా ఆ వీధివాళ్లు బయటి లోకం చూడలేదు.

మరుసటి చలికాలం గడ్డకట్టకుండా నీళ్లలో స్పిరిట్ కలిపింది. అద్దాలు తళతళలాడాయి. తోలుగుడ్డ పక్కనే ఆరేసిన వీబె బట్టలు మాత్రం సారాకొట్టులా కంపుకొట్టాయి. ఆదివారం పాస్టరుగారు అతని చెయ్యి పట్టుకున్నారు.

“కష్టాలుంటే నాతో చెప్పుకో నాయనా, సీసాతో కాదు.”

“నేను ముట్టనండీ. మా ఆవిడ కిటికీలకు పోస్తుంది.”

“అందరూ ఏదో ఒకటి చెబుతారులే.”

ఇదంతా వీబె ఎలాగో భరించాడు. భరించలేనిది ఇంటి యజమాని క్రైటన్ గారి గొడవ. ఆయనది పక్కిల్లే. భార్య పోయినప్పటి నుంచి మేడమీది గదిలో తెరలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరొచ్చి తట్టినా తలుపు తీయడు. గేస్కె మాత్రం రోజూ నిచ్చెన వేసుకుని ఆయన కిటికీ దగ్గరికి ఎక్కేది. ఒకరోజు ముసలాయన తెర లాగి, వీధి మొత్తం వినేలా అరిచాడు.

“ఇంకోసారి నా గోడకు నిచ్చెన వేశావంటే ఇల్లు ఖాళీ చేయిస్తాను.”

ఇంతమంది పిల్లలున్న వలస కుటుంబానికి ఆ ఊళ్లో ఇంకెవరూ ఇల్లివ్వరు. ఈ ఇంటి కోసమే ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాడో.

“విన్నావా?” అన్నాడు భార్యతో.

“విన్నాను. గొంతు బాగానే ఉంది ఆయనకు.”

“గేస్కె, మన సామాను వీధిలో పడుతుంది.”

“పడనీ, అక్కడే తుడుస్తాను. తెర తీశాడు, చూశావా?”

ఇక మాటలతో లాభం లేదనుకున్నాడు. మర్నాడు ఆమె పనికి వెళ్లగానే నిచ్చెన డెయిరీకి మోసుకుపోయి, పాలడబ్బాల వెనక దాచాడు.

“నిచ్చెన ఏది?” అంది సాయంత్రం గేస్కె.

“ఎవరో ఎత్తుకుపోయుంటారు.”

“అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి వీబె. అద్దంలో చూసుకో, తుడిచే ఉంచాను.”

ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. కోపం పట్టలేక అతని బూట్ల అడుగులు కూడా తోమింది.

ఆ వారంలోనే క్రైటన్ వీధిలోకొచ్చి పిలిచాడు. “పోస్ట్మా, ఒకసారి పైకి రావయ్యా.”

అయిపోయింది, ఇక మూటాముల్లె సర్దుకోవడమే అనుకుంటూ వీబె టోపీ తీసి చేత్తో పట్టుకుని మేడ ఎక్కాడు.

“నిచ్చెన ఏమైంది?”

“దాచేశానండీ. ఇక ఆవిడ మీ గోడ ముట్టదు. దయచేసి ఇల్లు మాత్రం...”

“నిన్ను దాచమన్నదెవరు?”

“మీరే కదండీ, అంత గట్టిగా అరిచారు.”

“అరిచాను. ఆవిడ నామీద రోజూ అరుస్తుంది. తిన్నారా, ఆ గడ్డమేమిటి కోసిన చేనులాగా అని అద్దం అవతలి నుంచే. జవాబు చెప్పేదాకా ఒకేచోట రుద్దుతుంది. మా ఆవిడ పోయాక అందరూ నాతో గుసగుసగా మాట్లాడతారు. పోట్లాడే మనిషి ఈవిడొక్కతే.”

వీబె కిటికీ వైపు చూశాడు. అద్దం బయటివైపు ఎర్రగా, జిగటగా, ఈగలతో నిండి ఉంది.

“అదేమిటండీ?”

ముసలాయన చూపు తప్పించాడు. “స్ట్రాబెర్రీ జామ్. చెయ్యి బయటపెట్టి నేనే రాశాను. అది చూసైనా వస్తుందనుకున్నాను. ఇంట్లో మీరే ఉండండి. ముందు ఆ నిచ్చెన తీసుకురా.”

వీబె తల పట్టుకుని ఇంటికొచ్చి జరిగినదంతా చెప్పాడు. గేస్కె బంగాళాదుంపల చెక్కు తీయడం ఆపింది.

“జామ్ రాశాడా?”

“కిటికీ నిండా. మందంగా.”

“అయితే రొట్టె తింటున్నాడన్నమాట,” అంటూ బకెట్ నింపడానికి లేచింది.