ఏడాదికి ఒక్కసారి వినే గొంతు

నా చిన్నప్పుడు, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడుతున్న రోజుల్లో, వాటిని సరిచేసే పని మీదే నాన్న మమ్మల్ని మెల్‌బోర్న్ తీసుకొచ్చారు. మా పక్కింట్లో ఒక జమైకా అంకుల్ ఒంటరిగా ఉండేవారు. కుర్రతనంలో లండన్‌కు వలస వెళ్లి, అక్కడి డాన్సు హాళ్లు నల్లవాళ్లను గుమ్మం తొక్కనివ్వకపోతే, తన చేత్తోనే బీరువాలంత స్పీకర్ పెట్టెలు చేసుకుని, ఇళ్ల కింది గదుల్లో పాటలు మోగించిన మనిషి. దేశం మారినా ఆ పెట్టెల్ని వదల్లేదు. గ్యారేజీ నిండా అవే.

ఆయన దగ్గర ఒక గ్రామఫోన్ రికార్డు ఉండేది. మేము ఎన్నడూ చూడని ఆంటీ, అంటే చనిపోయిన వాళ్లావిడ గొంతు దాని మీద ఉంది. పాటకు ముందు జనాన్ని పిలుస్తూ రెండు మాటలు చెప్పి, చిన్నగా నవ్వుతారు. అలాంటి రికార్డుల్ని అంకుల్ లాంటివాళ్లు తమ పెట్టెల మీద మోగించడానికే, మరో కాపీ లేకుండా, ఒక్కటంటే ఒక్కటి చేయించుకునేవారట. ఆంటీ పోయిన రోజున, ఏడాదికి ఒక్కసారి, మమ్మల్నీ పిలిచి దాన్ని వినిపించేవారు.

మా ఇంట్లో పద్ధతి వేరు. అమ్మమ్మ పోయాక, ఆవిడ గుంటూరు నుంచి మాట్లాడి పంపిన క్యాసెట్‌ను అమ్మ రోజూ దీపం పెట్టాక వేసేది. వినకపోతే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందనేది. అందుకే అంకుల్ మీద నాకు కోపంగా ఉండేది. అంత ప్రేమ ఉన్నవాళ్లు ఏడాదికి ఒక్కసారా వినేది?

ఒక శీతాకాలం ఆయన కిడ్నీలు పాడై, వారానికి మూడు మధ్యాహ్నాలు డయాలసిస్‌కు వెళ్లేవారు. పిల్లికి తిండి పెట్టమని తాళంచెవి నాకిచ్చారు. పిల్లికి పెట్టి, గ్యారేజీలోకి వెళ్లి, ఆయన చేస్తుండగా చూసినట్టే సూది ఆనించి, ఆంటీని వినేదాన్ని. పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను. గొంతు రానురాను మసకబారుతుంటే పెట్టెలు పాతబడ్డాయనుకుని సౌండ్ పెంచాను. నా అతితెలివి అంతటిది.

ఆంటీ పోయిన రోజు వచ్చింది. అంకుల్ రికార్డు పెట్టారు. గరగర తప్ప మాట రాలేదు. సూది తీసి మళ్లీ పెట్టారు. నేను ఏడవడం మొదలుపెట్టగానే అందరికీ అర్థమైపోయింది. ఆ రికార్డు పూత మెత్తనిదని, సూది ఆనిన ప్రతిసారీ కొంత అరిగిపోతుందని, అందుకే ఆయన అంత పొదుపుగా దాచుకున్నారని నాకు అప్పుడు తెలిసింది.

"సారీ అంకుల్, షి డిడన్ట్ నో," అని అమ్మ నా వైపు తిరిగింది. "అడక్కుండా ఎందుకు టచ్ చేశావే?"

అంకుల్ రికార్డును తీసి దాని అట్టలో పెట్టారు. తర్వాత తన యాస ఇంగ్లీషులో మెల్లగా, "ఆమెను అందరికన్నా చివర విన్నది నువ్వే. ఎలా అందో చెప్పు," అన్నారు.

చెప్పాను. "బయట చలిలో ఎందుకు, లోపలికి రండి, ఇక్కడ అందరికీ చోటుంది." ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, ఎక్కడ నవ్వారో అన్నీ వచ్చేశాయి. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత రెండేళ్లు అదే రోజున నాచేత చెప్పించుకున్నారు. మూడో ఏడు ఆయన లేరు. పెట్టెల్ని ఎవరో చెత్త లారీకి ఎక్కించారు.

ప్రేమకొద్దీ అయినా సరే, ఒకరి దుఃఖాన్ని ముట్టుకునే ముందు అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఆంటీ మాటల్ని మాత్రం ఏడాదికి ఒక్కసారి, తలుపేసుకుని, పైకి చెప్పుకుంటాను. ఆంటీ నవ్వు దగ్గరికి వచ్చేసరికి, ఈ మధ్య నా నవ్వే వినిపిస్తోంది.