జంపఖానా మూల ముడి

నల్లగండ్లలో మేముండే అపార్ట్‌మెంట్ లిఫ్టు ముందు పొద్దున్నే ఫినాయిల్ వేసి తుడుస్తారు. తడి ఆరేదాకా లాప్‌టాప్ సంచి భుజం మార్చుకుంటూ నిలబడతాను. ఆ వాసనకు జైలు దుకాణం గుర్తొస్తుంది. అంతే, మరేమీ అనిపించదు.

నేను రెండో తరగతిలో ఉండగా, వీధి కొట్లాటలో మా నాయన కర్రదెబ్బకు ఒకాయన చనిపోయాడు. యావజ్జీవ శిక్ష పడింది. "బిడ్డను ఈడికి తేకు, నువ్వు గూడ రాకు" అని అమ్మతో చెప్పి, ఆ తర్వాత ఎన్నిసార్లు ములాఖత్‌కు పోయినా నాయన బయటికి వచ్చి కనపడలేదు. వెనకటికి ఖైదీలను ఓడలెక్కించి అండమాన్‌కు పంపి అడవులు కొట్టించేవారని నాయనమ్మ చెప్పేది. బడిలో పిల్లలు మా నాయన్నూ అక్కడికే తోలారనేవారు.

ఏటా బతుకమ్మ పండుగ ముందు, తంగేడు విరగబూసి, ఇళ్లలో బెల్లం కలిపి చేసే మలీద ముద్దలకు రొట్టెలు కాలుస్తున్న రోజుల్లో, అమ్మ నన్ను బస్సెక్కించి జైలు గేటు పక్క దుకాణానికి తీసుకుపోయేది. ఖైదీలు చేసిన సబ్బులు, ఫినాయిల్ డబ్బాలు, నేల మీద పరుచుకునే నూలు జంపఖానాలు అక్కడ అమ్మేవారు. నేను ముక్కు మూసుకుని "థూ, ఏం కంపే!" అంటుంటే, అమ్మ ఒక్కో జంపఖానా మూల తిప్పి, దారం కొసలను నాయనలా ఎడమచేతి వాటంగా మెలేసిన ముడి కోసం వెతికేది. మగ్గం నేసేటోణ్ని మగ్గం మీద గాక ఏడ పెడ్తరని ఆమె నమ్మకం.

"అన్నీ ఒక్కటేనమ్మా, జర జల్ది చూడు" అని వార్డరు విసుక్కునేవాడు.

ముడి దొరికిందంటే నాయన బతికున్నట్టే. "గిదే మీ నాయన చెయ్యి. మంచిగనే ఉన్నడు" అనేది. కొని ఇంటికి తెచ్చిన ఆ జంపఖానా మీద నన్ను కాలు పెట్టనిచ్చేది కాదు, తను మాత్రం దాని మీదే పడుకునేది.

నేను ఇంటర్ చదువుతుండగా సర్కారు క్షమాభిక్షతో నాయన విడుదలై ఇంటికొచ్చాడు. అరచేతులు పాలిపోయి పొట్టు రేగి ఉన్నాయి. అమ్మ జంపఖానా పరిచింది. కూర్చోబోతూ మూల తిప్పి చూశాడు.

"ఇది నేను నేసింది కాదే. నన్ను మగ్గం మీద ఎన్నడు కూసోపెట్టలే. ఫినాయిల్ కాడ ఏసిన్రు."

"మరి గిన్నేండ్లు నేను ఎవల్ని చూసుకున్న?" అంది అమ్మ.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. జంపఖానాలు చీలికలై ఏనాడో పోయాయి. లిఫ్టు ముందు నేల మెల్లగా ఆరుతుంది. ఏడుపు రాదు. ముక్కు మాత్రం మూసుకోను.