సైదులన్న చేతిలో తాళంగుత్తి

2023 యాసంగి కోతల కాలం. మిర్యాలగూడలో మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి, ఎప్పుడు కదులుతాయో తెలియక డ్రైవర్లు చిరాకుపడే రోజులు. మిల్లుల నుంచి లేచే పొట్టు బూడిద గాలిలో తేలి వచ్చి నా షాపులో ప్రతి సామాను మీదా నల్లగా పేరుకుంటుంది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ అంతే. అంతకుముందు చాలా ఏళ్లు నేను బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. ఇప్పుడు అవే చేతులతో సైకిళ్లకు మోటార్లు బిగిస్తున్నాను. నాకు ఒకచోట కుదురుగా కూర్చునే గుణం లేదు. గిరాకీ లేకపోతే బాగున్న మోటారునే విప్పి చూస్తానని మా ఆవిడ దెప్పుతుంది. అబద్ధమేమీ కాదు.

ఆ రోజుల్లోనే సైదులన్న గరిడేపల్లి నుంచి ట్రాలీ ఆటోలో ఒక గేర్ సైకిల్ వేసుకుని వచ్చాడు. లావు టైర్లు, ముందు స్ప్రింగుల ఫోర్కు, మనవాళ్లు కొండ సైకిల్ అనేది. కొడుకు ఇంటర్‌లో ఉన్నప్పుడు అలిగి మరీ కొనిపించుకుని, కాలేజీ బస్సు రాగానే పశువుల కొట్టంలో పడేసినదట. చైన్ తుప్పు పట్టింది కానీ ఫ్రేము గట్టిది.

"తమ్మీ, దీనికి మోటార్ పెట్టాలె. జర జల్ది."

"బండి లేదా అన్నా?"

"ఉంది. ఎక్కొద్దన్నరు."

వెనక నిలబడిన ఆయన భార్య నాగమణి వదిన అందుకుంది. "ఫిట్స్ తమ్మీ. చెప్పు, దాస్తవెందుకు? రెండుసార్లు పడ్డడు. బండి తాళంచెవి నా దగ్గరే ఉంది, ఇయ్య."

నేను చేతిలో స్పానర్ కింద పెట్టేశాను. ఫిట్స్ ఉన్న మనిషికి మోటారు పెట్టి పంపడమంటే నిప్పుతో చెలగాటమే. పెట్టనని మొహం మీదే చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు, కానీ కదల్లేదు కూడా. షాపు గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూ తన పని సంగతి చెప్పుకొచ్చాడు.

సైదులన్న ఊళ్లు తిరిగి పశువులకు సూదులు వేస్తాడు. ముఖ్యంగా ఎదకొచ్చిన బర్రెలకు చూడి కట్టే సూది. ఎద దాటిపోయాక వేసే సూది దండగ, రైతు ఆ ఈత నష్టపోయినట్టే. అందుకే ఫోన్ రాగానే పోవాలి. ఒకసారి ఆలస్యమైతే రైతు ఊరుకుంటాడు, రెండోసారి ఇంకొకర్ని పిలుచుకుంటాడు. బండి పక్కన పెట్టినప్పటి నుంచి ఆయన వాళ్లనూ వీళ్లనూ బతిమాలి వెనక కూర్చుని పోతున్నాడు. అలా పోయేసరికే సగం ఊళ్లు చేజారాయి.

"తొక్కుకుంట పోతే పర్వాలేదన్నడు డాక్టర్. పెద్ద రోడ్డు ఎక్కొద్దన్నడు, అంతే. కానీ తమ్మీ, తొక్కుకుంట పొయ్యే వరకు ఎద ఖతం. బర్రె నా కోసం ఆగుతదా?"

ఆ మాట నన్ను పట్టుకుంది. అన్నం తింటున్నా అదే, మంచం ఎక్కినా అదే. మర్నాడు నేనే ఫోన్ చేసి రమ్మన్నాను.

మా పనిలో మోటారుకు ఆజ్ఞ ఇచ్చేవి రెండు. ఒకటి థ్రోటల్, మోటార్‌సైకిల్‌కు ఉన్నట్టే చేత్తో తిప్పే పిడి. రెండోది పెడల్ అసిస్ట్, అంటే తొక్కుతున్నంతసేపే మోటారు సాయం చేస్తుంది, కాళ్లు ఆగితే అదీ ఆగుతుంది. మా దిక్కు జనం థ్రోటల్ లేనిదాన్ని బండిగానే లెక్కపెట్టరు. "మోటార్ పెట్టినంక గూడ తొక్కుడేంది?" అంటారు. సైదులన్న కూడా అదే అన్నాడు.

"నీ కాళ్లు ఆగితే మోటార్ ఆగాలె. గీ ఒక్కటి ఒప్పుకుంటేనే చేస్త," అన్నాను.

నాగమణి వదిన ఆయన తరఫున ఒప్పేసుకుంది. వెనక చక్రంలో హబ్ మోటార్ పెట్టాను, అంటే చక్రం బొడ్డులోనే ఇమిడిపోయే మోటారు. కరెంటు ఎంత పోవాలో చూసే కంట్రోలర్ డబ్బాలో థ్రోటల్ కోసం ఒక ఖాళీ సాకెట్ ఉంటుంది. దానికి జిగురు పోసి మూసేశాను. వెనక చిన్న స్టాండు వెల్డింగ్ చేయించి సూదుల పెట్టె కూర్చోబెట్టాను. ఫ్రేము మీద బ్యాటరీ, దాని పక్కన తాళం, చెవి తిప్పి తీస్తే మోటారుకు కరెంటు బంద్.

బండి అప్పజెప్పే రోజున కూడా గొడవే. ఆయన ఆ తాళంచెవికి ఇంటి తాళాలూ, పెట్టె తాళాలూ, కొట్టం తాళాలూ అన్నీ కలిపి పెద్ద గుత్తి తగిలించాడు.

"అన్నా, గింత బరువు ఏలాడదీస్తే లాక్ లూజ్ అయితది. ఒక్క చెవి ఉంచు."

"మల్ల యాడ ఎతుక్కోవాలె తమ్మీ? గీడనే ఉంటది."

చెప్పీ చెప్పీ విసుగొచ్చి వదిలేశాను. గుత్తి గలగలలాడించుకుంటూ పోయాడు.

బండి పోయింది కానీ నా మనసు దాని వెనకే పోయింది. ఫోన్ మోగితే చాలు, గరిడేపల్లి నుంచేమోనని చూసేవాణ్ణి. ఏదో వంకన ఫోన్ చేసి, బ్యాటరీ ఎట్లుందని అడిగేవాణ్ణి. "ఎగిరిపోతున్నట్టున్నది తమ్మీ," అనేవాడు. తొక్కే మనిషి ఎగిరిపోవడమేమిటని నాకు అనుమానం రావాల్సింది. సంతోషంలో అంటున్నాడనుకున్నాను.

ఒక మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. "పడ్డడు తమ్మీ. బతికిండు," అన్నది. ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న ఖాళీ ఇప్పటికీ నా చెవిలో ఉంది. షాపు షట్టర్ సగం దించి, ఆమె చెప్పిన చోటికి బండేసుకుని పోయాను.

కాల్వ పక్క రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి, అంచుకు రాళ్లు పెట్టి. మనిషిని అప్పటికే దవాఖానకు తీసుకుపోయారు. సైకిల్ మాత్రం వడ్లలోనే పడి ఉంది. దగ్గరికి పోయి చూస్తే హ్యాండిల్‌కు థ్రోటల్. నేను మూసిన సాకెట్‌ను ఎవరో వేడి చేసి తెరిచారు. నా ఒళ్లు మండిపోయింది.

అక్కడ కాళ్లతో వడ్లు తిరగేస్తున్న వెంకటమ్మ అనే పెద్దావిడ జరిగింది చెప్పింది.

"ఉన్నట్టుండి కట్టె లెక్క బిగుసుకపోయి వడ్లల్ల ఒరిగిండు బిడ్డా. మడిమె చక్రం కాడ ఇరికింది. చక్రమేమో ఆగుతలేదు, నెత్తురు, వడ్లన్ని చిమ్ముతాంది. చెయ్యి ఊడగుంజుదామంటే పిడికిలి ఇడుస్తలేడు. ఫిట్స్ అని నాకు ఎర్కైంది. ఇనుము పెట్టాలె గద చేతుల? సూస్తె గా గుత్తి కనబడ్డది. తిప్పి గుంజిన."

"మోటార్ ఆపుదామని గుంజినవా అమ్మా?"

"ఆపుడు గీపుడు నాకేం తెల్సు? ఇనుము కోసం గుంజిన. రెండో చేతుల పెట్టిన. పెట్టంగనే చక్రం ఆగింది. సూసినవా, ఇనుముకు ఎంత బలముంటదో."

ఇనుముతో ఫిట్స్ ఆగవని, అది ఉత్త నమ్మకమని నేను ఎంతమందితో వాదించానో. ఆ రోజు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఆమె ఆ చెవి గుంజకపోతే, థ్రోటల్ పిడికిట్లో ఉన్నంతసేపూ చక్రం తిరుగుతూనే ఉండేది, మడమ ఉండేది కాదు. నేను వద్దన్న గుత్తి లేకపోతే ఆమెకు తాళమే కనబడేది కాదు.

సాయంత్రం దవాఖానలో సైదులన్న కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. ఆయన్ని చూడగానే కోపం ఆగలేదు.

"ఎవడు పెట్టిండు థ్రోటల్?"

"కోదాడల పెట్టించిన. ఎండకు కాళ్లు లాగుతున్నయి తమ్మీ. ఆడ రైతు ఎదురుసూస్తుంటడు."

"కాళ్లు ఆగితే ఆగాలని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవు. నాకెర్కే. బర్రెకు ఎర్కలేదు గద." అని మొహం అటు తిప్పుకున్నాడు. కళ్లలో నీళ్లు. నాకు ఇంక తిట్టబుద్ధి కాలేదు.

డాక్టర్ మందులు మార్చాడు. సైకిల్ కూడా వద్దన్నాడు. కాలు మానాక భార్యాభర్తలిద్దరూ సైకిల్‌ను ట్రాలీలో వేసుకుని నా షాపుకొచ్చారు.

"మోటార్ పీకెయ్ తమ్మీ," అన్నది వదిన. "నువ్వు పీకుతవా, నన్ను గొడ్డలి తీస్కోమంటవా?"

సైదులన్న స్టూలు మీద కూర్చుని మోకాళ్లు ఊపుతున్నాడు. నేను స్పానర్ అందుకున్నాను. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. ఎత్తకుండా దానివైపే చూస్తున్నాడు. ఆగి, మళ్లీ మోగింది. వదిన లాక్కుని చెవికి పెట్టుకుంది. అవతల రైతు ఏదో చెబుతున్నాడు. ఆమె భర్త మోకాళ్ల వైపు చూసింది. అవి ఊగడం ఆపేశాయి.

"ఆ, వస్తున్నం. బర్రెను కట్టేసి ఉంచుండ్రి," అని పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగి, "చిన్నప్పుడు బడికి సైకిల్ మీదనే పోయేదాన్ని. దీనికి ఎనక సీటు ఏస్తవా?" అని అడిగింది.

ఆ రోజు ఆ బర్రె దగ్గరికి ట్రాలీ ఆటోలోనే పోయారు. సైకిల్ నా దగ్గరే ఉంచి సీటు వేశాను. థ్రోటల్ పీకేసి ఒక పిన్ను స్విచ్ పెట్టాను. తాడు లాగితే పిన్ను ఊడొస్తుంది, కరెంటు పోతుంది. మామూలుగా ఆ తాడు నడిపే మనిషి చేతికి కడతారు. నేను వెనక కూర్చునే మనిషికి కట్టాను. ఆయన ఒరిగితే, ఆమె వెనక్కి చూసుకునేలోపే మోటారు ఆగుతుంది.

అప్పటి నుంచి ఏ సైకిల్ చేసినా నడిపేవాడు ఏం చేస్తాడన్నది తర్వాత ఆలోచిస్తాను. వాడు పడిపోతే దారిన పోయే మనిషి చెయ్యి ముందు ఎక్కడికి పోతుందో, అక్కడ తాళం పెడతాను. చదువుతో సంబంధం లేకుండా, ఎవరి నమ్మకం వారిదైనా, ఆ చెయ్యి దాన్ని అందుకోవాలి.

ఇప్పటికీ రోడ్డు మీద వడ్లు పోశారంటే నాకు కుదురుండదు. ఏదో పనున్నట్టు గరిడేపల్లి దాకా పోయి వస్తాను. కిందటి కోతల్లో వాళ్లు ఎదురొచ్చారు. ముందు వదిన, వెనక సూదుల పెట్టె ఒళ్లో పెట్టుకుని సైదులన్న, "ఎడమకు, ఎడమకు, జర బిరాన తొక్కు" అని ఆమెను సతాయిస్తూ. పిన్ను తాడు ఆయన మణికట్టుకే ఉంది. ఆ తాడుకు పాత తాళంగుత్తి కూడా వేలాడుతోంది.

"గది ఎందుకు వదినా, బరువు?" అన్నాను అలవాటుగా.

"చేతుల ఇనుము ఉండాలె గద తమ్మీ," అన్నది వదిన, ఆగకుండానే.

నేను వాదించలేదు.